ఓవెన్లో కోడి ఫహీతా: వండిన చేతికీ వేడి వేడి భోజనం
(మహిళా శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగం)



సాయంత్రం ఏడయింది. పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చి పుస్తకాలు మూలన పడేశారు. ఇంటాయన ఆఫీసు నుంచో, కొట్టు కట్టేసో వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. "అమ్మా, ఏం చేశావు?" అన్న ప్రశ్న వంటింట్లోకి రానే వచ్చింది. ఫ్రిజ్‌లో అరకిలో కోడిమాంసం ఉందనుకోండి. అప్పుడు మనం ఏం చేస్తాం? ఎర్రగడ్డలు తరిగి, అల్లం తెల్లగడ్డలు నూరి, మసాలా వేయించి, ఒక పొయ్యి మీద కూర పెడతాం. రెండో పొయ్యి మీద పెనం పెట్టి రొట్టెలు మొదలుపెడతాం. రొట్టె కాలిన కొద్దీ ఒక్కొక్కరు వచ్చి తినిపోతారు. మన వంతు వచ్చేసరికి కూర చల్లారిపోతుంది, రొట్టె బిగుసుకుపోతుంది. ఇంట్లో అందరికంటే చల్లటి భోజనం ఎవరిదండీ అంటే, వండిన ఇల్లాలిదే!

ఈవేళ నేను చెప్పబోయే వంటకం కొత్త రుచి కోసం కొంతా, ఈ చిక్కు విప్పుకోవడం కోసం కొంతా. దీని పేరు ఫహీతా. పేరు విని బెదరకండి. కోడిమాంసాన్నీ, ఎర్రగడ్డలనూ, కాప్సికంనూ వేలెడేసి పట్టీలుగా కోసి, ఒకే పళ్ళెంలో పరిచి, ఓవెన్లో కాల్చి, రొట్టెలో పెట్టుకుని తినడమే. అంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

పేరు సంగతి ముందు చెబుతాను. స్పానిష్ భాషలో 'ఫాహా' అంటే నడికట్టు, పట్టీ. 'ఫహీతా' అంటే చిన్న పట్టీ అన్నమాట. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో దక్షిణపు కొసన, మెక్సికో సరిహద్దు పక్కన, పెద్ద పెద్ద పశువుల మందలుండేవి. వాటిని కాచే మెక్సికన్ కూలీలకు కూలిలో భాగంగా యజమానులు తమకు అక్కరలేని మాంసం ఇచ్చేవారు. అందులో పశువు రొమ్ముకూ పొట్టకూ మధ్య పట్టీలాగా ఉండే గట్టి కండ ఒకటి. దాన్ని వాళ్ళు నిప్పుల మీద కాల్చి, నారకు అడ్డంగా సన్నగా కోసి, రొట్టెలో చుట్టుకుని తినేవారు. 1969లో సానీ ఫాల్కన్ అనే ఆయన టెక్సస్‌లోని కైల్ అనే చిన్న ఊళ్ళో ఒక వేడుకలో వీటిని అమ్మకానికి పెట్టాడు. కోడితోనూ, రొయ్యలతోనూ చేయడం తరువాత వచ్చిన సంగతి. పేదల ఇంట్లో పుట్టిన వంట పెద్ద హోటళ్ళకు ఎక్కడం మనకు తెలియనిదా? మన రాగి సంగటి సంగతి చూడండి.

ఈ కథలో ఒక ఇల్లాలు కూడా ఉంది. ఆమె పేరు నిన్ఫా లారెంజో. 1949లో ఆమె, ఆమె భర్త కలిసి హూస్టన్ నగరంలో రొట్టెలు తయారుచేసే చిన్న కార్ఖానా పెట్టుకున్నారు. 1969లో భర్త చనిపోయాడు. ఐదుగురు పిల్లలు. వ్యాపారం కుంటుబడింది. 1973లో ఆమె ఆ కార్ఖానా ముందు భాగంలోనే పది బల్లలు వేసి ఒక చిన్న హోటల్ తెరిచింది. కాల్చిన మాంసాన్ని తన రొట్టెల్లో చుట్టి పెట్టింది. జనం వరుస కట్టారు. టెక్సస్‌లో ఈ తిండికి అంత పేరు రావడంలో ఆమె చేతి వాటా చాలా ఉంది.

ఇది విన్నప్పుడు నాకు మన రాయలసీమ పట్టణాల్లో సాయంత్రం వేళ వీధి మలుపులో పొయ్యి పెట్టుకుని, జొన్నరొట్టెలు తట్టి అమ్మే ఆడవాళ్ళు గుర్తుకొచ్చారు. దేశం వేరైనా, రొట్టె నమ్ముకుని సంసారం నెట్టుకొచ్చిన చేతులు అవీ, ఇవీ. ఈ రొట్టెలమ్మే వాళ్ళతో మనకు ఇంకో పని కూడా పడుతుంది. అది తరువాత చెబుతాను.

ఇప్పుడు హూస్టన్‌లోనూ, డాలస్‌లోనూ, ఆస్టిన్‌లోనూ మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. అక్కడున్న కూతురో కోడలో ఫోన్లో "అత్తా, ఇవాళ ఫహీతాలు చేశాను" అంటే, అదేదో మనకందని వంట అనుకోనక్కరలేదు. ఒక మాట చెప్పనా? అందులో పడే మిరపకాయ, కాప్సికం, టమాటా, మొక్కజొన్న అన్నీ పుట్టింది అమెరికా ఖండాల్లోనే. పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి 16వ శతాబ్దంలో మిరపకాయ మన దేశానికి వచ్చింది. కోడి మటుకు మన ఆసియా ఖండంలో మచ్చికై అక్కడికి వెళ్ళింది. కనుక ఈ వంటలో ఇచ్చిపుచ్చుకోవడాలు ఎప్పుడో జరిగిపోయాయి.

ఇక ఓవెన్ సంగతి. ఓవెన్ అంటే ఇక్కడ పైనా కిందా కడ్డీలు ఎర్రగా కాగే పెట్టె. కేకులు చేసుకోవడానికని కొని, రెండు పుట్టినరోజులు గడిచాక అటక ఎక్కించేశామే, అదే! దించి తుడవండి. మామూలు మైక్రోవేవ్ దీనికి పనికిరాదు. అందులో మాంసం ఉడుకుతుంది గాని ఎర్రగా కాలదు. కన్వెక్షన్ అన్న మీట ఉన్న మైక్రోవేవ్ అయితే ఆ మీట మీదే చేసుకోవచ్చు. కాని మైక్రోవేవ్ మీట మీద ఉండగా ఇనుప పళ్ళెం లోపల పెట్టకూడదు సుమా! ఓవెన్ తీగను ఫ్రిజ్‌కూ గీజర్‌కూ వాడే పెద్ద ప్లగ్గుకే తగిలించండి. కరెంటు బిల్లు గురించి భయపడేవాళ్ళకు ఒక లెక్క: 1500 వాట్ల ఓవెన్ 40 నిముషాలు ఆగకుండా మండినా ఒక యూనిట్టే. నిజానికి వేడి అందుకున్నాక అది ఆగుతూ వెలుగుతూ ఉంటుంది గనుక ఇంకా తక్కువే అవుతుంది.

మొదటిసారి నేను ఈ వంట చేసినప్పుడు ఏమైందో చెబుతాను, నవ్వకండి. కిలో మాంసం, ఆరు ఎర్రగడ్డలు, నాలుగు కాప్సికంలు, పెరుగు, నిమ్మరసం అన్నీ కలిపి ఆ చిన్న పళ్ళెంలో కుప్ప పోసి ఓవెన్లో పెట్టాను. అరగంట తరువాత తలుపు తీసి చూస్తే మాంసం నీళ్ళలో ఈదుతోంది. రంగు లేదు, వాసన లేదు. చివరికి దాన్ని బాణలిలో పోసి కూర చేశాను. పిల్లలు "కూరేగా!" అన్నారు.

తప్పు ఎక్కడుందో తరువాత తెలిసింది. మాంసంలోనూ కూరగాయల్లోనూ నీరుంటుంది. వేడి తగలగానే అది బయటికి వస్తుంది. ముక్కలు ఎడం ఎడంగా ఉంటే ఆ నీరు వెంటనే ఆవిరై పోతుంది. కుప్పగా ఉంటే పోవడానికి దారి లేక అక్కడే నిలుస్తుంది. నీళ్ళున్నంత సేపూ ముక్క వేడి 100 డిగ్రీలు దాటదు. ముక్క ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే పైభాగం సుమారు 140 డిగ్రీలకు చేరాలి. అందువల్ల గుర్తుంచుకోవలసినవి మూడు. ముక్క పొడిగా ఉండాలి, పళ్ళెంలో ఒకే వరుసగా ఉండాలి, ఓవెన్ ముందే బాగా కాగి ఉండాలి. ఈ మూడూ కుదిరితే మసాలా కాస్త అటూ ఇటూ అయినా వంట చెడదు.

ఇప్పుడు నలుగురికి సరిపడే కొలతలు రాసుకోండి.

ఎముకలు లేని కోడిమాంసం అరకిలో. తొడ మాంసమైతే మేలు, త్వరగా ఎండిపోదు. ఎర్రగడ్డలు రెండు. కాప్సికంలు రెండు, మన కూరగాయల కొట్లలో బెంగుళూరు మిరపకాయ అనేవారే, అవే. ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది దొరికితే చూడ్డానికి బాగుంటుంది. నూనె రెండు పెద్ద చెంచాలు. ఎండుకారం చెంచాన్నర. వేయించిన జీలకర్ర పొడి ఒక చెంచా. ధనియాల పొడి ఒక చెంచా. మిరియాల పొడి అర చెంచా. ఉప్పు ఒక చెంచా. పసుపు చిటికెడు. తెల్లగడ్డ రెబ్బలు నాలుగు. నిమ్మకాయ ఒకటి, కొత్తిమీర గుప్పెడు. చిన్నపిల్లలున్న ఇంట్లో కారం సగం చేయండి. పెద్దవాళ్ళు పైన వేసుకుంటారు.

మాంసాన్ని వేలి మందాన పట్టీలుగా కోయండి. కండలో నార ఎటు పోతోందో చూసి దానికి అడ్డంగా కోయాలి. అప్పుడే పంటికింద మెత్తగా తెగుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. పచ్చి కోడిమాంసాన్ని కొళాయి ధార కింద కడగడం మనలో చాలామందికి అలవాటు. ఆ తుంపర సింకు చుట్టూ, పక్కనున్న గిన్నెల మీదా పడి, మాంసంలోని క్రిములు వాటికి అంటుకుంటాయి. క్రిములను చంపేది కడగడం కాదు, ఉడకడం. కడగందే మనసొప్పదనుకుంటే ఒక బేసిన్లో నీళ్ళు పోసి, చిందకుండా మెల్లగా కడిగి, ఆ బేసిన్నూ సింకునూ సబ్బుతో తోమేయండి. మాంసం కోసిన కత్తిపీటతో ఎర్రగడ్డలు కోయకూడదు. అసలు కూరగాయలు ముందు కోసేసుకుంటే ఈ గొడవే లేదు.

కడిగిన మాంసాన్ని శుభ్రమైన పాతగుడ్డతోనో, కాగితపు రుమాళ్ళతోనో అద్ది తడి లేకుండా చేయండి. ఈ పని బద్ధకించకండి. వాడిన గుడ్డను వేడినీళ్ళలో విడిగా ఉతకండి. ఎర్రగడ్డలను నిలువుగా కాస్త మందంగానే చీరండి. సన్నగా తరిగితే మాడిపోతాయి. కాప్సికంలోని గింజలు తీసి, వాటినీ అలాగే కోయండి. తెల్లగడ్డలు దంచి నూనెలో వేసి, పొడులన్నీ అందులో కలిపి, ఆ నూనెను మాంసానికీ కూరగాయలకూ పట్టించండి. ఇంతే, నానబెట్టనక్కరలేదు. పెరుగు వేయకండి, తడి. నిమ్మరసం కూడా ఇప్పుడు పిండకండి. పులుపులో ఎక్కువసేపు నానితే మాంసం పైన తెల్లబడి పిండిపిండిగా తయారవుతుంది.

ఓవెన్‌ను 220 డిగ్రీల మీద, పై కడ్డీ, కింది కడ్డీ రెండూ వెలిగేట్టు పెట్టి పదిహేను నిముషాలు కాగనివ్వండి. పళ్ళెంలో ముక్కలు పరిచాక అడుగు అక్కడక్కడా మీ కంటికి కనపడాలి. కనపడకపోతే పళ్ళెం చిన్నదని అర్థం. అప్పుడు రెండు వాయిలుగా చేయండి. ముందు ఎర్రగడ్డలు, కాప్సికం పదిహేను నిముషాలు కాల్చి తీసేసి, తరువాత మాంసం ఒక్కటే కాల్చండి. దానికి ఇంకో పదిహేను, పద్దెనిమిది నిముషాలు పడుతుంది. పెద్ద పళ్ళెమైతే అన్నీ కలిపి ఇరవై నుంచి ఇరవై ఐదు నిముషాలు. సగంలో ఒకసారి మందపాటి గుడ్డతో పళ్ళెం బయటికి లాగి ముక్కలు తిరగేయండి.

ఉడికిందీ లేనిదీ ఎలా తెలుస్తుంది? వంటకు వాడే ధర్మామీటరు ఉన్నవాళ్ళు మందపాటి ముక్కలో గుచ్చి చూస్తే 74 డిగ్రీలు చూపించాలి. లేనివాళ్ళు అన్నిటికంటే లావుపాటి ముక్కను తుంచి చూడండి. లోపల గులాబీరంగు ఉండకూడదు, కారే రసం తేటగా ఉండాలి. అంచులు అక్కడక్కడా నల్లబడితే మాడిందని కంగారుపడకండి. కాస్త అలా కాలితేనే రుచి. బయటికి తీశాక నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లండి.

ఇక రొట్టె. టెక్సస్‌లో గోధుమ రొట్టె వాడతారు. మెక్సికోలో చాలాచోట్ల మొక్కజొన్న రొట్టె. మొక్కజొన్నను వాళ్ళు సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, కడిగి, రుబ్బుతారు. అప్పుడే ఆ పిండి అంటుకుని రొట్టెగా నిలుస్తుంది. మనకు నంద్యాల, ఆళ్ళగడ్డ నల్లరేగళ్ళలో పండే జొన్న ఉండగా ఇంకొకటి ఎందుకండీ? నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళు విడుదల చేసిన కొన్ని జొన్న రకాల పేర్లు ఎన్.టి.జె. అని మొదలవుతాయి. నంద్యాల తెల్ల జొన్న అని దాని అర్థం. మన ఊరి పేరు మోసే గింజ అది.

జొన్నపిండిలో గోధుమపిండికుండే సాగుడు లేదు. అందుకే చన్నీళ్ళతో కలిపితే రొట్టె అంచులు చిట్లిపోతాయి. మరిగే నీళ్ళు పోస్తే పిండిలోని గంజి కొంత ఉడికి జిగురు వస్తుంది, ఆ జిగురే రొట్టెను పట్టి ఉంచుతుంది. రెండు కప్పుల పిండికి చిటికెడు ఉప్పు వేసి, ఒకటింబావు కప్పు మరిగే నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో కలిపి, చేయి పట్టే వేడికి వచ్చాక బాగా మర్దించండి. పిండి పట్టించి ఎన్నాళ్ళయిందో చూసుకోండి. పాతబడ్డ పిండి విరుగుతుంది. మామూలు రొట్టెలో సగం సైజుకు, ఎనిమిది చిన్న రొట్టెలు తట్టండి. పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో తుడిచి, తడి ఆరగానే తిప్పండి. కాలినవి కాలినట్టు గుడ్డలో చుట్టి మూత డబ్బాలో పెట్టండి. చల్లారితే మడత పడదు. అయినా విరిగిందా, ఏం ఫరవాలేదు. ముక్క తుంచుకుని దానితో మాంసం పట్టుకుని తినండి, మనకు అలవాటైన పద్ధతే.

రోజూ రొట్టెలు తట్టే ఓపిక ఉండదుగదా అంటారు. నిజమే. ఇందాక చెప్పిన వీధి మలుపు రొట్టెలమ్మ దగ్గర ఎనిమిది రొట్టెలు తెప్పించండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. మీకు అరగంట మిగులుతుంది, ఆమెకు నాలుగు డబ్బులు వస్తాయి. రొట్టె ఇష్టపడని పిల్లలకు చపాతీ చేసినా సరే.

పక్కన ఏం పెట్టాలి? అమెరికాలో టమాటా పచ్చడి, పుల్లటి మీగడ లాంటివి పెడతారు. మన ఇంట్లో కొరివికారం ఉంటే దాని ముందు ఆ పచ్చడి ఎంత! గడ్డపెరుగును పలచటి గుడ్డలో కట్టి గంటసేపు వేలాడదీస్తే మీగడలా తయారవుతుంది. అందులో కీరదోసకాయ తురిమి కలపండి. నిమ్మరసంలో వేసిన ఎర్రగడ్డ చీలికలు, బుడ్డల పొడి ఉంటే ఇంకేం కావాలి?

మాంసం ముట్టని అత్తగారో, శనివారం పట్టే వదినగారో ఇంట్లో ఉంటే వాళ్ళను పచ్చడి మెతుకులతో సరిపెట్టకండి. మహానంది అరటితోటలు మనకు దగ్గరే. రెండు అరటికాయలు చెక్కు తీసి, వేలెడు ముక్కలు కోసి, ఉప్పునీళ్ళలో ఐదు నిముషాలు ఉడికించి, వార్చి, తడి ఆర్చి, అదే మసాలా పట్టించండి. శుభ్రమైన వేరే పళ్ళెంలో మాంసం కంటే ముందుగా కాల్చి తీసి మూత పెట్టండి. ముందు వాళ్ళ వంట, తరువాతే మాంసం. అప్పుడు ఎవరికీ పట్టింపు ఉండదు.

ఓవెన్ లేని వాళ్ళు నిరాశపడకండి. మందపాటి ఇనుప పెనం పొగలు వచ్చేదాకా కాల్చి, ఇవే ముక్కలు మూడు నాలుగు వాయిలుగా వేయించండి. సూత్రం అదే: తక్కువ ముక్కలు, ఎక్కువ మంట. మూత మాత్రం పెట్టకూడదు. కాకపోతే అప్పుడు మీరు పొయ్యి దగ్గర నిలబడవలసి వస్తుంది.

మిగిలితే? సామాన్యంగా మిగలదు. ఒకవేళ మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మన నంద్యాల ఎండాకాలంలో, 44 డిగ్రీలు కాసే రోజుల్లో, రెండు గంటలు కూడా ఎక్కువే. గంటలోపే పెట్టండి. మర్నాడు పెనం మీద బాగా పొగలు వచ్చేట్టు వేడిచేసి, చపాతీలో చుట్టి పిల్లల టిఫిను డబ్బాలో పెట్టవచ్చు.

ఆఖరుగా గడియారం లెక్క చెబుతాను. ఏడింటికి ఓవెన్ వెలిగించి తరగడం మొదలుపెడతారు. ఏడుంపావుకు పళ్ళెం లోపలికి వెళుతుంది. తలుపు వేశాక దాని దగ్గర నిలబడనక్కరలేదు, సగంలో ఒకసారి ముక్కలు తిరగేస్తే చాలు. ఆ ఇరవై ఐదు నిముషాల్లో రొట్టెలు తట్టుకోండి, లేదా తెప్పించిన రొట్టెలు ఉంటే ఫ్యాను కింద కూర్చోండి. ఈలోగా పిల్లల చేత నిమ్మకాయలు కోయించండి, ఇంటాయన చేత పళ్ళేలూ మంచినీళ్ళూ పెట్టించండి. ఏడూ నలభైకి కాలిన పళ్ళెం మధ్యలో పెట్టండి. కింద మందపాటి పీట వేయడం మరవకండి. ఎవరి రొట్టెలో వాళ్ళే నింపుకుంటారు. కారం కావాలన్నవాళ్ళు కారం, పెరుగు కావాలన్నవాళ్ళు పెరుగు వేసుకుంటారు. వడ్డించే పని లేదు గనుక మీరూ ఆ పక్కనే కూర్చోండి.

మొదటిరోజు మీకే కొత్తగా ఉంటుంది. "ఇంకో రొట్టె వేయనా" అని లేవబోతారు. లేవకండి. మీ పళ్ళెంలో రొట్టె వేడిగా ఉండగానే తినండి. వారానికి ఒక్కరాత్రయినా ఇలా జరిగితే, మిగతా వారమంతా పిల్లలే అడుగుతారు, "అమ్మా, నువ్వెప్పుడు తింటావు?" అని.